చింతచెట్టు లేని మలుపు

విజయవాడలో బయలుదేరి, కృష్ణ కరకట్ట మీదుగా దివిసీమ దాకా దిగి, అక్కణ్ణుంచి కాలువ గట్లూ పుంతలూ పట్టుకుని మళ్ళీ విజయవాడ చేరే సైకిలు దారి ఒకటుంది. సైకిలుకి సంచులు కట్టుకుని నిదానంగా తొక్కితే మూడు రోజులు పడుతుంది. గీసింది నేనే. చల్లపల్లి దాటి పామర్రు వైపు వస్తుంటే ఒకచోట ఆ దారి ఏ కారణమూ లేకుండా పడమటికి మళ్ళి, ఎక్కడో ఉన్న వంతెన దాకా పోయి, డ్రెయిను దాటి, అవతలి గట్టు మీద వెనక్కి వస్తుంది. తొక్కినవాళ్ళందరూ అడుగుతారు, ఆ వంకర ఎందుకండీ అని. అక్కడ కొంగలు బాగా వాల్తాయి, చూస్తారని తిప్పాను అని చెప్పేవాణ్ణి. కొందరు ఫోటోలు తీసి పంపి ధన్యవాదాలు కూడా చెప్పారు. కొంగలు నిజంగానే ఉన్నాయి.

వంకర మాత్రం కొంగల కోసం కాదు. మొదట అక్కడ తిన్నటి గీత ఉండేది. ఆ ముక్క నేను చూడకుండానే చూశానని చెప్పాను. నా మాట నమ్మి వెళ్ళినవాళ్ళలో ఒక పెద్దాయన కాలు విరిగింది. ఆ నింద నా స్నేహితుడి మీద పడింది. అదే రోజు సాయంత్రం నేను కంప్యూటరు ముందు కూర్చుని గీతను పక్కకి జరిపి, స్నేహితుడే దారి తప్పాడనిపించాను. ఇది రెండేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. ఆ దారిని ఇప్పటికీ నలుగురూ మెచ్చుకుంటున్నారు కాబట్టి, దాని వెనక జరిగింది కూడా ఉన్నదున్నట్టు రాసి పెట్టడం మంచిదనిపించింది.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. పెద్ద ఆర్కిటెక్టునేమీ కాదు. మెట్లు ఇటు రావాలి, పూజగది అటు ఉండాలి, కారు పట్టాలి అని ఇంటాయన చెప్పింది విని కాగితం మీద పెట్టేవాణ్ణి. సైటుకి వెళ్ళి చూసి గీయాలన్నది నియమం. మొదట్లో వెళ్ళేవాణ్ణి. తరవాత తరవాత ఇంటాయన ఫోన్లో చెప్పిన కొలతలు తీసుకుని, ఉపగ్రహం బొమ్మలో స్థలం చూసుకుని, బల్ల దగ్గరే కూర్చుని గీసేసి, స్థలం పరిశీలించాను అని ముద్ర కొట్టడం అలవాటైపోయింది. దానివల్ల ఏ ఇల్లూ కూలలేదు. అందుకే అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు.

నలభై దాటాక డాక్టరు నడవమన్నాడు. నడక విసుగనిపించి సైకిలు కొన్నాను. దాని ఫ్రేములో ఇమిడే సంచీ ఎక్కడా దొరక్క ఆటోనగర్లో సీట్లు కుట్టే షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ పరిచయమయ్యాడు ఈ స్నేహితుడు. తాత దర్జీ, తండ్రి దర్జీ. ఈయన బస్సులకీ లారీలకీ సీట్లు కుట్టే షాపు పెట్టుకున్నాడు.

"సైకిలుకి సీటు కవరా? అరచెయ్యంత సీటు. నాకేం మిగులుతుందండీ అందులో?" అన్నాడు.

"కవరు కాదు భాయ్, సంచీ."

"సంచీ అయితే రైతుబజారుకెళ్ళండి, గేటు దగ్గరే అమ్ముతారు."

అంటూనే లేచి వచ్చి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. టేపు తియ్యలేదు. ఫ్రేము వంక కాసేపు చూసి, నేల మీద రెక్సిను పరిచి, సుద్దతో ఒక్క గీత గీసి కత్తెర పెట్టాడు. సాయంత్రానికి సంచీ ఫ్రేములో పోతపోసినట్టు కూర్చుంది. నేను గీత గీయాలంటే ముందు పది కొలతలు కావాలి, ఈయనకి చూపు చాలు అనుకున్నాను. వారం తిరక్కుండా ఆయన కూడా సైకిలు కొన్నాడు. "మీ ఒక్కరికి కుడితే జనం నమ్మరు, నేనూ తొక్కాలి" అన్నాడు. నన్ను ప్లానుగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. నేను భాయ్ అనేవాణ్ణి. మీరు అన్న మర్యాద ఇద్దరం అప్పట్లో దాటలేదు.

ఈ చుట్టుదారి, మా మాటల్లో లూపు, ఆలోచన ఎవరిదో ఇప్పుడు గుర్తులేదు. ఆదివారాలు బందరు కాలువ పక్కన టీ బండి దగ్గర కలిసే సైకిలువాళ్ళం కొద్దిమందిమి ఉండేవాళ్ళం. హైవే మీద తొక్కీ తొక్కీ, లారీల హారన్లు వినీ వినీ అందరికీ విసుగు పుట్టింది. తారు తగలకుండా డెల్టా అంతా చుట్టి రాగలమా అన్నది ప్రశ్న. మా వైపు గ్రావెలంటే కాలువ గట్ల మీద లారీలతో తోలి పరిచే ఎర్రమట్టి. కొత్తగా పోసినప్పుడు చక్రం కింద కరకరలాడుతుంది. దాని కింద ఉండేది నల్లరేగడి. ఎర్రమట్టి లేనిచోట వాన పడిందంటే ఆ రేగడి చక్రానికి రొట్టెలా చుట్టుకుని, ఫోర్కులో ఇరుక్కుని, సైకిల్ని మనమే మొయ్యాల్సి వస్తుంది. అలాగని తారు రోడ్డు సుఖమూ కాదు. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అవి చెదరకుండా పక్కన రాళ్ళు పేరుస్తారు. కాబట్టి కోతల రోజుల్లో తిరగాలంటే గట్లే దిక్కు.

నేను కంప్యూటర్లో గీసేవాణ్ణి, ఆయన తొక్కి చూసేవాడు. షాపుకి సెలవు ఆదివారం. ఆ రోజు పొద్దున్నే ఏదో ఒక ముక్క పట్టుకుని పోయేవాడు. చూడనిది ఎరుపు, తొక్కి చూసింది పచ్చ. ఈ పద్ధతి పెట్టింది ఆయనే. ఆయన తిరిగొచ్చి చెప్పే కబుర్లు విని నేను రంగు మార్చేవాణ్ణి.

"తోట్లవల్లూరు దాటాక గట్టు బ్రహ్మాండం. కానీ ఇటుకబట్టీ దగ్గర కుక్కలున్నాయి. కుక్కల్ని కూడా మ్యాపులో పెట్టండి ప్లానుగారూ."

"కుక్కలు ఇవాళ అక్కడుంటాయి, రేపు ఇంకోచోట ఉంటాయి. మ్యాపులో ఎలా పెడతాం భాయ్?"

"అవెక్కడికీ పోవు. నన్ను చూశాక అస్సలు పోవు."

అవనిగడ్డ దగ్గర ఒక రైసుమిల్లు వరండాలో పడుకోవచ్చని మాట్లాడి వచ్చింది ఆయనే. మిల్లు ఆసామి పడుకోండి గానీ బూట్లు దులిపి తొడుక్కోండి, లోపల ఏముంటుందో నేను చెప్పలేను అన్నాడట. నాగాయలంక వైపు రొయ్యల చెరువుల గట్ల మీద కాపలావాళ్ళు ఆపితే, వాళ్ళతో కూర్చుని అన్నం తిని దారి అడిగి వచ్చాడు. కరకట్ట మీద నీడ ఎక్కడుంది, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, పంక్చరు షాపు లేని పొడవు ఎంత, అన్నీ ఆయన నోటి నుంచే నా తెర మీదకి వచ్చాయి. నేను అక్కడక్కడా ఆయన వెంట వెళ్ళాను. చాలాసార్లు వెళ్ళలేదు. ఆదివారం కూడా ప్లాన్లు ఉండేవి. లేకపోతే ఒళ్ళు బద్ధకించేది. వారమంతా గీతలు గీసినవాడికి ఏడో రోజు లేచి ఇంకో గీత వెంట పోవాలంటే ఓపిక ఉండేది కాదు.

చివరికి ఎరుపు ఒక్కచోట మిగిలింది. చల్లపల్లికీ పామర్రుకీ మధ్య, పొలాల్లోంచి ఒక మురుగు డ్రెయినుని దాటే చిన్న ముక్క. ఉపగ్రహం బొమ్మలో దారి తెల్లగా, తిన్నగా, డ్రెయినుకి అడ్డంగా అవతలి గట్టు దాకా కనపడుతూనే ఉంది. అప్పటికి రంజాన్ నెల వచ్చింది.

"ఈ ఒక్కటీ మీరు చూసి రండి. రోజా ఉండి ఈ ఎండలో నావల్ల కాదు," అన్నాడు.

సరేనన్నాను. పొద్దున బయలుదేరడమే ఆలస్యమైంది. పామర్రు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. సెంటర్లో చెరుకురసం బండి దగ్గర ఆగి, ఒక గ్లాసు తాగి, ఇంకోటి తాగి, బల్ల మీద కూర్చున్నాను. ఫోను తీసి ఆ బొమ్మే మళ్ళీ చూశాను. అంత స్పష్టంగా కనపడుతున్న దాన్ని వెళ్ళి చూసేదేముంది అనిపించింది. అక్కడే బల్ల మీద కూర్చుని ఎరుపుని పచ్చ చేశాను. సైకిల్ని బస్సు మీదకి ఎక్కించి ఇంటికొచ్చేశాను.

సాయంత్రం ఇఫ్తారు అయ్యాక ఫోను చేశాడు.

"చూశారా?"

"చూశాను భాయ్. బాగుంది. కాస్త దుమ్ము, అంతే."

"మలుపు ఎక్కడ తిరగాలి? గుర్తేమైనా ఉందా?"

ఆయన దారిని గుర్తులతోనే జ్ఞాపకం పెట్టుకుంటాడు. గుళ్ళు, మిల్లులు, చెట్లు. ఏదో ఒకటి చెప్పాలి.

"చింతచెట్టు ఉంది. పెద్దది. దాని పక్కనుంచే."

"హమ్మయ్య, నీడ కూడా ఉందన్నమాట," అన్నాడు.

చింతచెట్టు ఎందుకన్నానో నాకే తెలియదు. చూసిన మనిషి అయితే ఏదో ఒక చెట్టు చెబుతాడు కదా అని నోటికొచ్చింది.

ఇక్కడ నా తప్పు బద్ధకం ఒక్కటే అయితే అది చిన్నదే. నేను పుట్టింది ఈ డెల్టాలోనే. ఎండాకాలం దారి వేరు, నీళ్ళ కాలం దారి వేరు అని మా వైపు పిల్లలకి కూడా తెలుసు. సార్వా వరి కోసి, మినుములు తీశాక, గడ్డి ట్రాక్టర్లు తిరగడానికి రైతులే డ్రెయినుకి అడ్డంగా తూములు వేసి మట్టి పోసి కట్ట వేసుకుంటారు. వేసవంతా అది రాజమార్గం. వానలు రాగానే నీళ్ళు ఎగదన్ని పొలాలు మునక్కుండా వాళ్ళే తెంపేస్తారు. ఉపగ్రహం ఆ బొమ్మ తీసింది వేసవిలో. నేను పుట్టిపెరిగిన నేల గురించి నాకు తెలిసిన విషయమే, తెర మీద చూసేసరికి గుర్తురాలేదు. పామర్రు నుంచి కాస్త ముందుకి తొక్కి ఉంటే, ఆ పచ్చిమట్టి కట్టని చూడగానే గుర్తొచ్చేది.

లూపు మొదటిసారి తొక్కింది ఆ ఏడు చలికాలం మొదట్లో. కోతలు అప్పుడే మొదలయ్యాయి. నాకు మోకాలు నొప్పిగా ఉండి వెళ్ళలేదు. ఆ నొప్పి మాత్రం నిజం. దారి చూపేది మా భాయ్. ఆయన వెనక మందుల షాపాయన, మేనేజరుగారు, ఇంకో ఇద్దరు. మేనేజరుగారంటే బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి. మా అందరిలోకీ వయసులో పెద్ద, తొక్కడంలో చిన్నపిల్లాడు. మ్యాపు లింకు మా భాయ్ ఒక్కడికే పంపాను. అందరి దగ్గరా ఉంటే తలా ఒక దిక్కు పోతారని అలా అనుకున్నాం. లింకు అంటే, అది తెరిచినప్పుడల్లా నేను ఆఖరుగా గీసి పెట్టిందే కనపడుతుంది. ఈ సంగతి తరవాత అవసరమవుతుంది.

రెండో రోజు సన్నగా జల్లు పడుతోందట. మలుపు దగ్గర పొలం గట్టున ఒక రైతు, "ముందు దారి లేదండీ, వంతెన మీదుగా పొండి" అన్నాడట. మా భాయ్ ఫోను చూసుకున్నాడు. నీలం చుక్క గీత మీదే ఉంది. "లేదండీ, మావాడు తొక్కి చూశాడు, ఉంది" అని చెప్పి ముందుకి నడిపించాడు. రైతు మాట కన్నా నా మాట పెద్దదనుకున్నాడు. డ్రెయిను దాకా వెళ్ళేసరికి ఈ గట్టున తెగిన కట్ట మట్టి మొండెం కొంత, ఆ గట్టున కొంత, మధ్యలో నీళ్ళు. లోతెంతో చూద్దామని మేనేజరుగారు సైకిలు పట్టుకుని ఆ మొండెం అంచు దాకా దిగారు. తడిసిన రేగడి జారింది. సంచుల బరువుతో సైకిలు ఆయన కాలి మీద పడి, ఇద్దరూ కలిసి నీళ్ళలోకి పోయారు. మా భాయ్ జేబులో ఫోను ఉన్న సంగతి కూడా చూసుకోకుండా దూకి ఆయన్ని లాగాడు.

నాకు ఫోను వచ్చింది ఆ మధ్యాహ్నం, ఆసుపత్రి నుంచి, మందుల షాపాయన ఫోనులోంచి. మాట్లాడింది మా భాయ్.

"మేనేజరుగారి కాలు విరిగింది. బొమిక బయటికి రాలేదు, అదొక్కటే నయం. నా ఫోను నీళ్ళలో పోయింది. మీరోసారి మ్యాపు తెరిచి చూడండి ప్లానుగారూ, నేనెక్కడ తప్పాను?"

చూసి చెప్తానన్నాను. బొమ్మని పెద్దది చేసి చూశాను. ఈసారి అది రోడ్డులా కనపడలేదు. చుట్టూ పొలాలు ఎండి ఉన్నాయి, గడ్డివాములు ఉన్నాయి, డ్రెయినుకి అడ్డంగా ఆ తెల్లని గీత కొత్త మట్టి. చూడటం తెలిసినవాడికి అందులో అన్నీ ఉన్నాయి. తరవాత మౌస్‌తో ఆ గీతని పట్టుకుని, తరవాతి మలుపు దాకా లాగి, వంతెన మీదుగా తిప్పి, అవతలి గట్టుకి కలిపాను. పచ్చగా ఉంచాను. భోజనాల గది గోడ జరిపినంత తేలిగ్గా జరిగింది. సాయంత్రం నేనే ఫోను చేశాను.

"చింతచెట్టు దగ్గర తిరిగారా?"

"చెట్టేదీ కనపడలేదు."

"అదే మరి. ఒక మలుపు ముందే తిరిగేశారు."

"చుక్క గీత మీదే ఉంది. నా కళ్ళతో చూశాను," అన్నాడు.

"వానలో, ఆ చిన్న తెర మీద ఏం కనపడుతుంది భాయ్? మనకీ వయసు మీద పడటం లేదా, కళ్ళు ఒకప్పటిలా ఉంటాయా?"

ఆ మాట అన్నది నేనే. గీత జరపడం కన్నా ఆ మాట పెద్ద తప్పని తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

తరవాతి ఆదివారం టీ బండి దగ్గర మా భాయ్ కొత్త ఫోనులో ఆ లింకు తెరిచి అందరికీ చూపించాడు. గీత వంతెన మీదుగా పోతోంది. మందుల షాపాయన తల ఊపాడు. "రైతు చెప్తే వినడు, మ్యాపు చెప్తే చూడడు. మ్యాపు శుభ్రంగా ఉందండీ. కళ్ళే కవరేసి కుట్టేసుకున్నాడు మా సీట్ల భాయ్." అందరూ నవ్వారు. మా భాయ్ కూడా నవ్వాడు. నా వంక చూసి, "చెట్టు కనపడనప్పుడే ఆగాల్సింది ప్లానుగారూ" అన్నాడు. నేను టీ తాగాను.

కొన్నాళ్ళకి ఆదివారాలు రావడం మానేశాడు. ఆయన సైకిలు షాపులో పైకప్పు కొక్కేనికి వేలాడేది. మేనేజరుగారి ఇంటికి మాత్రం వెళ్తుండేవాడట. ఆయన మళ్ళీ తొక్కరని తెలిసినా, ఆయన సైకిలు తుడిచి, గాలి కొట్టి వచ్చేవాడట. లూపుకి మంచి పేరు వచ్చింది. హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ వచ్చి తొక్కుతున్నారు. వాళ్ళు పంపే మెసేజీలు నాకే వచ్చేవి. మా ఇంట్లో ఆవిడ ఒకసారి అడిగింది, "ఆయన ఈ మధ్య రావట్లేదేం?" అని. షాపులో పని ఎక్కువగా ఉందట అన్నాను.

ఈ ఏడు, సంచీ పట్టీ తెగితే ఆటోనగర్ వెళ్ళాను. వేరేచోట కుట్టించుకుందామని కూడా అనుకున్నాను. వెళ్ళేసరికి నేల మీద రెక్సిను పరిచి ఉంది. టేపుతో కొలుస్తున్నది కొత్తగా పెట్టుకున్న పనివాడు. మా భాయ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముక్కు మీద మందపాటి కళ్ళద్దాలు.

"ఏం భాయ్, కత్తెర వదిలేశారా?"

"వదల్లేదండీ, అదే వదిలింది. గీత సరిగ్గా ఉందని నాకనిపిస్తుంది, ఉందో లేదో నమ్మకం చాలట్లేదు. ఒక బస్సు సీట్లన్నీ ఇలా అనుమానంతో కోసి పాడుచేశాను. అప్పట్నుంచి ముట్టుకోవట్లేదు." నవ్వాడు. "మీరే చెప్పారుగా, వయసు మీద పడిందని."

పట్టీ అక్కడే పడేసి వచ్చాను. ఆ రోజు ప్లాన్లేవీ గీయలేకపోయాను.

అప్పటికీ వెంటనే చెప్పలేదు. ముందు ఆ ముక్క తొక్కాలనిపించింది. చూశానని చెప్పిన దాన్ని ఒక్కసారైనా చూడాలి కదా. చల్లపల్లి దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణుంచి తొక్కాను. ఒంట్లో సత్తువ లేదు. గట్టు మీద గాలి ఎదురు కొడుతోంది. మిషన్లు కోసి వదిలిన మోళ్ళు, బరకాలు కప్పిన వడ్ల రాశులు, వాటి పక్కన మంచాలేసుకుని కాపలా పడుకున్నవాళ్ళు. పాత గీత ప్రకారం మలుపు వచ్చింది. అక్కడ చింతచెట్టు లేదు. వెనక్కి చూశాను, ముందుకి చూశాను. తుమ్మలు తప్ప ఏ చెట్టూ లేదు. మలుపు తిరిగి డ్రెయిను దాకా నడిచాను. ఈ గట్టున మట్టి మొండెం ఉంది, గడ్డి మొలిచింది. ఆ గట్టున ఇంకోటి. మధ్యలో గుర్రపుడెక్క పట్టిన నీళ్ళు. ఆయన ఎక్కడా తప్పలేదు. నేను గీసిన దారినే, నేను గీసినట్టే వచ్చాడు. కాసేపు అక్కడ కూర్చున్నాను. కొంగలు వాలాయి. వాటిని చూస్తే సిగ్గేసింది.

మర్నాడు షాపుకి వెళ్ళి అంతా చెప్పాను. పామర్రు చెరుకురసం దగ్గర మొదలుపెట్టి, గీత జరిపిన సాయంత్రం దాకా. పనివాణ్ణి టీకి పంపి, లారీ సీటు ఒకటి నా వైపు తోసి, మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. ఒక్కచోట మాత్రం ఆపాడు.

"చెట్టు కూడానా?"

"చెట్టు కూడా లేదు."

కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కళ్ళు బాగానే ఉన్నాయి, చదవడానికి అద్దాలు చాలు, వెళ్ళు అన్నాడు. డాక్టర్ని మార్చాను. ఆయనా అదే అన్నాడు. ఇంకొకాయన దగ్గరికి వెళ్ళి, కనపడట్లేదు సార్ అని నేనే పోట్లాడి ఈ అద్దాలు రాయించుకున్నాను. ఇవి పెట్టుకుంటే తల తిరుగుతుంది నాకు."

తప్పయిపోయింది భాయ్ అన్నాను.

"నువ్వు వచ్చి ఆ రోజే, చూడలేదు భాయ్, ఎండగా ఉంది అంటే, నేను పండగయ్యాక వెళ్ళి చూసొచ్చేవాణ్ణి కదా," అన్నాడు. నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. "ఎండగా ఉంది అంటే నేనేమైనా అనేవాణ్ణా?"

అనేవాడు కాదు. అది నాకు అప్పుడూ తెలుసు.

"ఇక్కడ నాకు చెప్తే ఏం లాభం? నాలుగు సీట్ల మధ్య. అందరూ నవ్వింది ఇక్కడ కాదుగా. ఆదివారం బండి దగ్గరికి రా. మేనేజరుగార్ని నేను తీసుకొస్తాను." లేచి, నేల మీద పనివాడు వదిలేసిన కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు వెళ్ళండి," అన్నాడు.

అందర్నీ తప్పకుండా రమ్మని ఫోన్లు చేసి, ఆదివారం నేను ముందే వెళ్ళాను. కాలువలో నీళ్ళు నిదానంగా పోతున్నాయి. ఒక్కొక్కరే సైకిళ్ళు ఆనించి బెంచీల మీద చేరారు. ఆటోలోంచి మేనేజరుగారు చేతికర్ర పట్టుకుని దిగారు, రెక్క పట్టుకుని మా భాయ్. ఆయన ముఖాన అద్దాలు లేవు. మందుల షాపాయన నా వంక చూసి, "ఏంటండీ ప్లానుగారూ, అందర్నీ పోగేశారు? కొత్త లూపా? ఈసారి సీట్ల భాయ్‌ని వెనక పెట్టండి," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. కర్ర రెండు చేతులతో పట్టుకుని నా వంకే చూస్తున్నారు. మా భాయ్ టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, తను మాత్రం తీసుకోకుండా నిలబడ్డాడు.

ముందుగా ఏవేవో మాటలు కూర్చుకుని వెళ్ళాను. అవేవీ రాలేదు. లేచి నిలబడి ఇంతే అన్నాను:

"కొత్త లూపు కాదండీ, పాతదే. ఆ ముక్క నేను తొక్కలేదు. పామర్రులో కూర్చుని పచ్చరంగు వేసి, తొక్కానని అబద్ధం చెప్పాను. గీత మొదట డ్రెయిను మీదుగానే ఉండేది. మీరు ఆసుపత్రిలో ఉండగా నేనే వంతెన వైపు జరిపాను. మేనేజరుగారూ, మీ కాలు విరిగింది నా వల్ల. ఈయన వల్ల కాదు. భాయ్, మీ కళ్ళకేమీ కాలేదు. మీరు సరిగ్గా చూశారు, సరైన మలుపే తిరిగారు. అక్కడ చింతచెట్టు లేదు. మీ కళ్ళ మీద మీకే నమ్మకం పోయేలా మాట్లాడాను. నన్ను క్షమించండి."